ప్రాక్టీస్ అయ్యాక షాట్లు

అక్టోబర్ 10, శుక్రవారం

గెలిచాం. మా జట్టు గోలీని, అంటే గోల్ కాసేవాణ్ణి నేనే. ఒక్క గోలే పోనిచ్చాను. అదీ మావాడి కాలికి తగిలి లోపలికి పోయింది. రెండేళ్ల కిందట, కుర్ర ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో నన్ను తీసుకున్న పెద్ద లీగు క్లబ్బు బ్రానిగన్‌ను పంపింది. కుర్ర గోలీలకు తర్ఫీదునివ్వడమే ఆయన పని. ఇకనుంచి నెలకోసారి వస్తాడట. తీసుకున్నారన్న పేరేగానీ కాంట్రాక్టు ఇంకా చేతికి రాలేదు. ఈ సీజన్ చూసి తేలుస్తారు. నాకు ఐస్ హాకీ తప్ప ఇంకేమీ రాదు. ఇది గొప్పకు రాయడం లేదు, భయంతో రాస్తున్నాను.

అక్టోబర్ 23

ఎడమ తుంటి, సీజన్ మొదటినుంచీ. మోకాళ్ల మీద పడి కాళ్లు పక్కలకు చాచినప్పుడల్లా లోపల ఎవరో స్క్రూ బిగిస్తున్నట్టుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే స్కాన్. స్కాన్ తీస్తే రిపోర్టు. రిపోర్టు నేరుగా క్లబ్బుకు.

అక్టోబర్ 27, సోమవారం

ప్రాక్టీస్ అయ్యాక కూడా షూటర్లు గోల్ మీదికి కొడుతూనే ఉంటారు. వాళ్లకు ఎదురుగా ఎవరో ఒక గోలీ నిలబడాలి. చెప్పాలంటే కూలిపని. దాన్ని కాల్ నిసులాకు అప్పగించేశాను. వాడు మా రెండో గోలీ, నా రూమ్మేటు. వాడిని ఏ క్లబ్బూ డ్రాఫ్ట్ చేయలేదు. ఒరేయ్, నీకు మ్యాచ్‌లు ఎలాగూ లేవు, కనీసం దెబ్బలైనా తిను అన్నాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. సరే మహారాజా, దెబ్బలు నాకు, దండలు నీకు అన్నాడు.

నవంబర్ 14, శుక్రవారం, సాయంత్రం 4

మ్యాచ్ రోజున గోలీతో ఎవరూ మాట్లాడరు. మాట్లాడితే అదృష్టం పోతుందని భయం. కోచ్ కూడా నా ముఖం చూడడు. కుంటుకుంటూ మెట్లు దిగాను. అందరూ చూశారు. అందరూ వెంటనే షూ లేసులు కట్టుకోవడంలో పడ్డారు. ఇంతకంటే మంచి ఆచారం లోకంలో లేదు. నొప్పి మాత్రలు వేసుకున్నాను, సీసా మీద రాసినదానికంటే ఎక్కువే.

నవంబర్ 15

ఒక్క గోల్ కూడా పోనివ్వలేదు. మావాళ్లంతా వరసగా వచ్చి నా హెల్మెట్‌కు తలలు ఆనించారు. బ్రానిగన్ మాత్రం కిందికి రాలేదు. నిన్న పొద్దున ప్రాక్టీస్‌కే వచ్చి, అంతా అయిపోయేదాకా స్టాండ్స్‌లో కూర్చున్నాడట. నేను అప్పటికే షవర్‌లో ఉన్నాను. ఎంత శ్రద్ధ ఈయనకు నా మీద అనుకున్నాను.

డిసెంబర్ 9

కాల్ బాగా పదునెక్కాడు అని కోచ్ అన్నాడు. అంతా నా చలవే అన్నాను.

జనవరి 17, శనివారం

ఐదు గోల్స్ పోనిచ్చాను. అన్నీ ఎడమ పక్కనుంచే. అవతలి జట్టుకు ముందే తెలిసిపోయింది. రెండో పీరియడ్ మధ్యలో కోచ్ చెయ్యూపి బయటికి పిలిచాడు. కాల్ నా పక్కనుంచి వెళ్తూ కర్రతో నా ప్యాడ్ మీద మెల్లిగా తట్టాడు. ఆ తట్టడాన్ని చచ్చేదాకా మరిచిపోను. ఆ తర్వాత వాడు ఒక్కటీ పోనివ్వలేదు.

జనవరి 19

బ్రానిగన్ కాఫీకి పిలిచాడు. నీ తుంటి సంగతి నాకు అక్టోబర్ నుంచే తెలుసు వెస్, గోల్‌పోస్టు దగ్గరికి జరగడంలో వెనకబడుతున్నావు అన్నాడు. మరి అడగలేదేం అన్నాను. నువ్వే చెబుతావేమోనని చూశా అన్నాడు.

మొదట నీకోసమే వచ్చానయ్యా. తర్వాత ప్రాక్టీస్ అయ్యాక ఆ కుర్రాడు ఆపుతున్న షాట్లు చూశా. వాడికి ఆ పని ఎవరు అప్పజెప్పారో గానీ పుణ్యం కట్టుకున్నారు అన్నాడు. కాఫీలో చక్కెర కలుపుకుంటూ అన్నాడు. ఎవరో ఆయనకు తెలియదు. తెలిసే అన్నాడేమో కూడా.

మార్చి 24

మా జట్టు సీజన్ ముగిసింది. కాల్ కాంట్రాక్టు మీద సంతకం చేశాడు, నన్ను డ్రాఫ్ట్ చేసిన క్లబ్బుకే. నన్ను వదులుకుంటారట. మేలో నాకు ఆపరేషన్. కాల్ బట్టలు సర్దుకుంటూ ఏడ్చాడు. నువ్విచ్చిన ఆ షాట్లేరా నన్ను మనిషిని చేశాయి అన్నాడు. మనసారా అన్నాడు. వెక్కిరించి ఉంటే భరించేవాణ్ణి. వాడి సూట్‌కేస్ మూత మీద కూర్చుని జిప్ వేసిపెట్టాను.

ఏప్రిల్ 6

టీవీలో పెద్ద లీగులో కాల్ ఆడిన మ్యాచ్ చూశాను. గెలిచారు. అలసిపోయినప్పుడు షాట్లు అందుకునే వాడి గ్లోవ్ చెయ్యి కిందికి జారుతోంది. ఆ లోపాన్ని బ్రానిగన్ ఇంకా పట్టుకున్నట్టు లేదు. మ్యాచ్ అవగానే కాల్ ఫోన్ చేశాడు. నా చెయ్యి ఎలా ఉందిరా, నువ్వు చెబితేనే నమ్ముతాను అన్నాడు.

బాగుందిరా, ఏమీ మార్చకు అన్నాను.