ఇన్సూరెన్సు కాగితం చదివింది నేనే

1968 జూన్, ఆదివారం రాత్రి

కంటి ఆపరేషనైన వాళ్లమ్మను ఎల్లుండి విజయనగరం ఆసుపత్రి నుంచి తెచ్చుకోడానికి సుగుణ మా కారు అడిగింది. నాతోపాటు బీయే చదివిన పిల్ల. ఈ మధ్యే లైసెన్సు తెచ్చుకుంది; మా డ్రైవరు సెలవులో ఉన్నాడని తనే నడుపుకెళ్తానంది. నన్ను స్టీరింగు ముట్టుకోనివ్వని నాన్న దాన్ని చూసి ఎంత మురిసిపోయారో! నాకు ఒళ్లు మండిపోయింది.

"మనింటోలు కానోలు తోలితే ఇన్సూరెన్సు వస్తాదేటే? ఇంగిలీసులో ఉన్నాది, సదివి సెప్పమ్మా" అని కాగితం నా చేతికిచ్చారు.

యజమాని ఒప్పుకుని ఇస్తే, లైసెన్సున్న ఎవరు నడిపినా వర్తిస్తుందని స్పష్టంగా ఉంది.

"మన డ్రైవరు తప్ప ఇంకెవరు నడిపినా రాదు నాన్నా" అన్నాను.

సుగుణ మొహం చిన్నబోయింది. "పోన్లేవే, బస్సులోనే తెచ్చుకుంతాను. నువ్వేటి సేస్తావు?" అని నా భుజం తట్టి వెళ్లిపోయింది.

నాన్న కాగితం మడతపెడుతూ, "దాన్ని సూసి నీకూ నేర్పిద్దారనుకున్నానే. ఇంకెవరూ తోలకూడదంటే నువ్వూ తోలకూడదు కదా" అన్నారు.

రేపు మళ్లీ చదివి, పొరపాటు పడ్డానని చెప్పేయవచ్చు. కానీ చెబితే, నాకంటే ముందు మా కారు నడిపేది సుగుణే. అదే మింగుడుపడడం లేదు...