కుళ్ళని టీ గ్లాసుల విషయమై

పర్యావరణహిత కొనుగోళ్ల విభాగాధికారి గారి సముఖమునకు, మెట్ల కింది టీ గది నిర్వాహకురాలు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా గాజు గ్లాసులు తొంభై రోజులు మట్టిలో ఉండి కూడా కుళ్ళనందున గది ఖాళీ చేయవలెనన్న నోటీసును రద్దు చేయుట గురించి.

1. నేను ఇదే కార్యాలయంలో పంతొమ్మిదేళ్లుగా టీ ఇస్తున్నాను. పూటకు నూట ఇరవై మంది తాగుతారు. గాజు గ్లాసులో పోస్తాను, కడుగుతాను, మళ్లీ పోస్తాను. గత ఏడాది తమ విభాగం వారు ఒక ఉత్తర్వు జారీ చేశారు: ఇకపై ఆవరణలో వాడే ప్రతి కప్పు, ప్లేటు, చెంచా తొంభై రోజుల్లో మట్టిలో కలిసిపోవలెను. మంచి మాట. చదివి సంతోషించాను. మా గదిలో పారేసేదే ఏమీ లేదు కనుక నాకు సంబంధం లేదనుకున్నాను. అక్కడే పొరబడ్డాను.

2. స్టోర్సు గుమస్తాగారు తనిఖీకి వచ్చారు. జరిగిన సంభాషణ యథాతథంగా:

"గ్లాసులకు సర్టిఫికెట్ ఏదక్కా?"

"కడిగి వాడే గ్లాసుకు సర్టిఫికెట్ ఏంటి బాబూ? నువ్వు రోజూ తాగేదే కదా!"

"నేను తాగితే సరిపోదక్కా. కుళ్ళాలి."

"నువ్వా?"

"గ్లాసు!"

3. ఆ తర్వాత తమ పరీక్షా సంఘం వారు ముగ్గురు వచ్చి, నా గ్లాసులు ఆరింటిని రసీదు ఇచ్చి తీసుకుపోయి, కార్యాలయం వెనుక తోటలో మూరెడు లోతు గుంట తీసి పూడ్చి, పైన నంబరు బోర్డు పాతారు. తేమ తగ్గరాదన్న నియమం ప్రకారం తోటమాలి రోజూ నీళ్లు పోశాడు. గులాబీలకు మానేసి మరీ పోశాడు. ఎనభయ్యో రోజున నా దగ్గరికొచ్చి, "అక్కా, ఇన్ని నీళ్లు పోస్తే రాయైనా మొలకెత్తేది. మీ గ్లాసులకు పంతం ఎక్కువ" అన్నాడు.

తొంభయ్యో రోజున తవ్వారు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. వీరు గుంట తవ్వి, తాము పెట్టిన గ్లాసులనే పట్టారు. ఆరుకి ఆరూ చెక్కుచెదరలేదు. నివేదికలో "నమూనాలు ఏమాత్రం సహకరించలేదు" అని వ్రాసి, అనర్హమని తేల్చారు. ఆ గ్లాసులే కడిగి ఆ మధ్యాహ్నం సంఘం వారికి టీ ఇచ్చాను. ముగ్గురూ తాగారు. రెండోసారి కూడా అడిగి పోయించుకున్నారు.

4. అర్హత పొందిన కాగితపు కప్పుల సంగతి కూడా తమ దృష్టికి తెస్తున్నాను. అవి తొంభై రోజుల్లో కరగవలెను. మా టీ పడ్డాక వాటికి అంత ఓపిక ఉండడం లేదు. రెండో గుక్కకే అడుగు ఊడి, రికార్డు గది పెద్దాయన చొక్కా పాడైంది. వాడి చూసిన ఆ ఒక్కరోజే మూడు సంచుల చెత్త పోగైంది. సంచులు ప్లాస్టిక్‌వి. కప్పులకు చుట్టి వచ్చిన కవర్లూ ప్లాస్టిక్‌వే. వాటిని ఎవరూ పూడ్చి చూడలేదు.

ఇదే మాట గుమస్తాగారితో అంటే, "నిజమే అక్కా, కానీ నువ్వు కొత్త గ్లాసులు కొనవు కదా. అసలు కొననేకపోతే అది పర్యావరణహిత కొనుగోలు ఎలా అవుతుంది?" అన్నారు.

5. అయ్యా, ఇక ఈ ఆఫీసు భాష నాకు నిలవడం లేదు. నెలాఖరుకి గది ఖాళీ చేయమన్నారు. మా ఆయన పోయాక ఈ మెట్ల కింది గదే నన్నూ మా అత్తగారినీ సాకింది. ఆవిడకు కళ్లు ఆనవు. పొద్దున్నే వచ్చి గ్లాసులు తుడుస్తుంది, అంచు చిట్లిందేమో వేలితోనే కనిపెడుతుంది. నోటీసు చదివి వినిపిస్తే, "కుళ్ళేవాటికే చోటంటే ఇంకేం, ముందు నాకే ఇవ్వాలి కదే" అంది. నవ్వాను. తర్వాత స్టవ్వు వైపు తిరిగి ఏడ్చాను. నాకు భయంగా ఉంది, అంతే.

కనుక కడిగి వాడే పాత్రలకు ఈ పరీక్ష నుండి మినహాయింపు ఇప్పించగలరని ప్రార్థన. దీనితోపాటు పంపుతున్న టీ చల్లారేలోగా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మెట్ల కింది టీ గది నిర్వాహకురాలు
(నెలాఖరు వరకు)

తా.క.: అర్జీ కవరులో పెడుతుండగా గుమస్తాగారు వచ్చి చదివి, మినహాయింపు ఇచ్చే అధికారం తమరికి కూడా లేదని చెప్పారు. ఆయనే గొంతు తగ్గించి, "ఎనిమిదో నిబంధన చూడక్కా" అని ఉత్తర్వు కాగితం మీద వేలు పెట్టి చూపించారు. నెమ్మదిగా కుళ్ళే చెక్క చెంచాల కోసం వ్రాసిందట: నమూనా కుళ్ళకపోతే, యజమాని కోరిన మీదట మళ్లీ పూడ్చి, కుళ్ళేవరకు గడువు పొడిగించవలెను, అంతవరకు యజమానిని కదిలించరాదు.

కాబట్టి పైన వ్రాసిందంతా కొట్టివేసినట్లు భావించగలరు. మినహాయింపు వద్దు. ఆరు గ్లాసులూ ఈ అర్జీకి జతపరుస్తున్నాను, దగ్గరుండి పూడ్పించండి. అవి కుళ్ళిన రోజున ఒక్క కబురు చేస్తే, మారుమాట లేకుండా ఆ సాయంత్రమే గది ఖాళీ చేస్తాను. తొందరేమీ లేదు.