పసుపు అంటని చీరలు

మహబూబాబాద్,
21 ఆగస్టు 2011

ప్రియమైన అక్కా,

ఫోన్‌లో చెబితే నువ్వు ఏడుస్తావు, నేను మాట మింగేస్తాను. అందుకే కవరు కొని రాస్తున్నాను. కాగితం చూసి ఏడ్చినా నాకు వినపడదు.

నిన్న నువ్వు వాపసు ఇచ్చి వెళ్లిన గంధం రంగు చీరను మడత పెట్టడానికి నాకు అరగంట పట్టింది. కొత్త మడత వేరు, ఒకసారి ఇంటికి వెళ్లి వచ్చిన మడత వేరు. ఎంత ఒత్తినా పొంగుతూనే ఉంటుంది. కొనేవాళ్లు చేత్తో తాకి పక్కన పెట్టేస్తారు. అది నువ్వు మా దుకాణానికి తిప్పి ఇచ్చిన పదకొండో చీర. జనగామ దుకాణాల వాళ్లు నిన్ను చూసి మొహం తిప్పుకుంటున్నారని, రైలెక్కి నా కౌంటర్‌కు రావడం మొదలుపెట్టావు. నువ్వు నా తోడబుట్టినదానివని మా సేటుకు తెలియదు. తెలిస్తే ఇద్దరం కలిసి నాటకం ఆడుతున్నామనుకుంటాడు. ఈ కొలువు పోతే నాకు ఇంకో దారి లేదని నీకు వేరే చెప్పాలా?

వాపసు వచ్చిన చీరలో మేం ముందు చూసేది కొంగు మూల. పసుపు పెట్టనిదే కొత్త బట్ట ఎవరూ కట్టరు కదా. పసుపు ఉంటే ఆ చీర వాళ్లదైపోయినట్టే. నేతలో తప్పుంటే మాత్రం సేటు పసుపు చూసీ చూడనట్టు మార్చి ఇస్తాడు, అంత మంచితనం ఉంది. నీ చీరల మూలలు మాత్రం ఎప్పుడూ శుభ్రమే. మన అవ్వ బతికి ఉంటే, ఇంట్లో పసుపు కొమ్ము కరువైందా అని అడిగేది.

రోజంతా నిలబడి కాళ్లు వాచాయి. పడుకుంటాను.

నీ చెల్లె,
రజిత

*

జనగామ,
29 ఆగస్టు 2011

ప్రియమైన రజితకు,

ఏడ్చాను. నీకు వినపడలేదు, మంచిదే.

రంగు నచ్చలేదనీ, అంచు బాగాలేదనీ ప్రతిసారీ నీకు చెప్పినవన్నీ సాకులే. మీ బావ చెల్పూర్ కరెంటు ప్లాంటు నుంచి పదిహేను రోజులకోసారి వస్తాడు, వచ్చి నిద్రపోతాడు. తిన్నావా అంటే ఊ అంటాడు. ఆయన తప్పేం లేదు, డ్యూటీలో అలిసిపోయిన మనిషి. కానీ ఏ దుకాణంలోనైనా పరుపు మీద కూర్చోగానే, ముక్కూ మొహం తెలియని పిల్ల యాభై చీరలు నా ముందు పరిచి, "నీకేం కావాలె అక్కా?" అని అడుగుతుంది. ఆ మాట నన్ను ఇంకెవరూ అడగరే. అక్కడ కూర్చున్నంత సేపూ నేనూ ఒక మనిషినని అనిపిస్తుంది.

రైలు కాజీపేట దాటేలోపే ఆ సంతోషం అయిపోతుంది. ఇంటికొచ్చి చీర విప్పి చూసి, మళ్లీ కవర్లో పెట్టేస్తాను. వాపసు ఇచ్చేదాకా అన్నం దిగదు. ఇచ్చి వచ్చిన మర్నాటికే కాళ్లు మళ్లీ బజారు వైపు లాగుతాయి. దీనికి ఏం పేరు పెట్టాలో నాకు తెలియదు.

ఇక నీ దుకాణానికి రాను. ఒట్టు మాత్రం పెట్టను, నా మీద నాకే నమ్మకం లేదు.

కాళ్లకు వేడినీళ్ల కాపడం పెట్టుకో.

మీ అక్క,
సులోచన

*

మహబూబాబాద్,
12 సెప్టెంబర్ 2011

అక్కా,

ఒట్టు పెట్టకుండా మంచిపని చేశావు. శనివారం నేను సద్ది తినడానికి వెనక్కి వెళ్లినప్పుడు వచ్చి, సింధు దగ్గర నాలుగు చీరలు కొనుక్కుని పోయావట. కొత్తగా చేరిన పిల్ల, పాపం, ఒకేసారి నాలుగు అమ్మానని సంబరపడుతూ చెప్పింది. నేను నవ్వాను. ఏడవడానికి ఓపిక లేదు.

ఒక కబురు. ఇవాళ పెయింటర్ వచ్చి గల్లా పెట్టె మీద బోర్డు రాసిపోయాడు: 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు'. చిల్లున్నా సరే, ఎవరికీ మార్చేది లేదని సేటు చెప్పాడు. "గా జనగామామె పుణ్యమే గిది" అన్నాడు. నేను తల వంచుకుని చీరలు మడత పెడుతూ ఉండిపోయాను.

రేపటి నుంచి తెలంగాణ కోసం సమ్మె అంటున్నారు. బస్సులు ఉండవు, రైళ్ల సంగతి తెలియదు. ఆ నాలుగు చీరలూ నీవే. ఇక తిప్పలేవు.

రజిత

*

జనగామ,
2 అక్టోబర్ 2011

ప్రియమైన చెల్లె,

నీ ఉత్తరానికి జవాబు రాయడానికి మొహం చెల్లక ఇన్నాళ్లు ఊరుకున్నాను.

ఇక్కడ రోజు విడిచి రోజు బంద్. షట్టర్లు దించి ఉన్నా, బజారంతా ఒక చుట్టు తిరిగి వస్తున్నాను. మొన్న అలా తిరుగుతుంటే సమ్మె కోసం హైవే మీద వంటావార్పు చేస్తున్నవాళ్లు పిలిచి చేతికి గరిటె ఇచ్చారు. రెండొందల మందికి ఉప్మా కలిపాను. నాకేం కావాలో అక్కడ ఎవరూ అడగలేదు, నాకూ గుర్తు రాలేదు. ఇంటికొచ్చి పడుకున్నాక గుర్తొచ్చింది, బీరువాలో నాలుగు కవర్లు ఉన్నాయని.

వీధిలో బతుకమ్మ ఆడటానికి పాత చీరే కట్టుకుని పోతున్నాను. కొత్తవి నావి అనిపించడం లేదు. మీ బావ ఫోన్ చేశాడు. సమ్మెతో బొగ్గు సరిగా రావడం లేదట, ఈ నెల ఇంటికి రాలేడట.

నీ కొలువుకు ఏం ఇబ్బంది లేదు కదా? అది ఒక్కటి రాయి.

మీ అక్క

*

మహబూబాబాద్,
16 అక్టోబర్ 2011

అక్కా,

పండుగ ముందు గంగి అని ఒకామె నర్సింహులపేట దగ్గరి తండా నుంచి వచ్చి నా దగ్గర చీర కొన్నది. ఆమె బిడ్డ భాగ్య బాలింత. పసిపిల్లతో అత్తగారింటికి పంపుతూ పెట్టడానికి ఆ చీర. గంటసేపు చూసి, ఒకే ఒక్కటి తీసుకుంది. చంకలో పెట్టుకుని పోయింది.

పండుగ తెల్లారి మళ్లీ వచ్చింది. బస్సుల్లేక సగం దూరం ట్రాక్టర్ మీద, సగం నడిచి. చీర నడిమధ్యలో జానెడు నేత తెగి ఉంది. "పసుపు వెట్టినంకనే మడత ఇప్పిన బిడ్డా, గప్పుడు కనవడ్డది. కట్టలే, ఒట్టు. జర పెద్దాయనకు చెప్పు" అన్నది. కొంగు మూల చూశాను. వేలితో అద్దిన పసుపు, ఇంకా వాసన పోలేదు. ఆమెకు చదువు రాదు. బోర్డు నేనే చదివి వినిపించాల్సి వచ్చింది.

పసుపు పెట్టనిదానివి నీవి పదకొండు తీసుకున్నాం అక్కా. పెట్టినామెకు ఒక్కటి లేదన్నాం.

ఆ తర్వాత నేనేం చేశానో రాయను. నా కొలువు గురించి అడిగావు. నువ్వు ఇక ఏ భయమూ లేకుండా దుకాణానికి రావచ్చు.

రజిత

*

మహబూబాబాద్, నీ గది గడప మీద,
30 అక్టోబర్ 2011

నా చెల్లె రజితకు,

నువ్వు వచ్చాక నాకు నోరు పెగలదు. అందుకే ముందే రాసి పెట్టుకుంటున్నాను. ముందు ఇది చదువు, తర్వాత నా మొహం చూడు.

భయం లేకుండా రమ్మన్నావు కదా, పొద్దున దుకాణానికి వెళ్లాను. నీ కౌంటర్‌లో వేరే పిల్ల ఉంది. సింధు నన్ను గుర్తుపట్టి పక్కకు పిలిచింది. "నువ్వు రజితక్క వాళ్ల అక్కవంట గదా. ఆమె బంద్ జేసి ఇరవై రోజులైతాంది" అన్నది. నువ్వు గంగికి నీ అర నుంచి ఇంకో చీర తీసి ఇచ్చావట. సేటు అరిస్తే, "మా అక్క తిప్పిన పదకొండు చీరలు తీసుకున్నరు. గామెది ఒక్కటి తీసుకోరా?" అన్నావట. అక్క అన్న మాట దగ్గరే సేటు ఆగాడట. ఇన్నాళ్లూ ఇద్దరూ కలిసి మోసం చేశారా అని, ఆ క్షణమే పొమ్మన్నాడట. అంటే నువ్వు నాకు గంగి సంగతి రాసేటప్పటికే నీకు కొలువు లేదు.

సేటు దగ్గరికి పోయి, తప్పంతా నాది, ఆమెకేమీ తెలియదు అన్నాను. "గిప్పుడు చెప్తె ఏం లాభం అమ్మా, ఆ జాగల ఇంకో పిల్ల వచ్చింది" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. వెనక్కి తిరుగుతుంటే కొత్త పిల్ల పరుపు దులిపి, "ఏం చూపియ్యాలె అక్కా?" అన్నది. నా కాళ్లు ఆగాయి, నీతో అబద్ధం ఆడను. తర్వాత బయటికి వచ్చాను.

నువ్వు పత్తి ఏరడానికి పోయావని పక్కింటామె చెప్పింది. వాచిన కాళ్లతో.

నాలుగు చీరలూ తెచ్చాను. రాత్రి కూర్చుని నాలుగింటికీ పసుపు పెట్టాను. ఒకదానికి కొంచెం ఎక్కువే అంటింది. ఇక వీటిని ఏ దుకాణమూ తీసుకోదు. చిలకపచ్చది నేను కట్టుకుని వచ్చాను. కంది పువ్వు రంగుది గంగి బిడ్డకు. ఆ తండా ఎక్కడో నువ్వు చూపిస్తే నేనే ఇచ్చి వస్తాను. మిగతా రెండూ నీకు పెట్టడానికే తెచ్చాను. తీరా ఇక్కడ కూర్చున్నాక సిగ్గేసింది. నీకు చీరలు కావాలని ఎవరు చెప్పారు? నేను అడిగానా?

ఎవరో నన్ను అడగాలని పదకొండుసార్లు రైలెక్కాను. పదకొండుసార్లూ నువ్వు నా ఎదుటే నిలబడి ఉన్నావు. నేను కూర్చునే ఉన్నాను.

నీకేం కావాలి రజితా? నువ్వు చెప్పేదాకా ఈ గడప మీద నుంచి లేవను.

మీ అక్క,
సులోచన