మా మిద్దె వైపు తిరుగుతున్న కెమెరా

ఆళ్లగడ్డ,
18-11-2025, మంగళవారం.

జిల్లా పోలీసు అధికారి గారి సముఖమునకు,
నంద్యాల.

అయ్యా,

విషయం: మా వీధి స్తంభం మీది కెమెరాను ఎవరో దూరం నుంచి కంప్యూటరు ద్వారా తిప్పి నా మనవరాలిని చూస్తున్నందున, ఎల్లుండి గురువారం లోపల రక్షణ కోరుతూ అర్జీ.

నా పేరు ప్రేమకుమారి, వయస్సు 71. బాలికల పాఠశాలలో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైనాను. నా కొడుకు డేవిడ్, కోడలు సున్నిపెంటలో ఉద్యోగాలు చేస్తున్నారు. వారి కూతురు అక్షయ, వయస్సు 17, ఇంటర్ రెండో సంవత్సరం, చదువు కోసం నా దగ్గర ఉంటోంది. ఈ అర్జీ ఈరోజే రాయడానికి కారణం నిన్న సాయంత్రం ఆ పిల్ల ఫోనుకు వచ్చిన ఒక సందేశం. దాన్ని అయిదో అంశంగా రాశాను. ముందువి చదవకుండా అది చదివితే ఎవరో ఆకతాయి పని అనిపిస్తుంది. అందువల్ల వరుసగా చదవమని ప్రార్థన.

1. జూలైలో మా వీధిలో రెండు మోటారు సైకిళ్లు పోయినందున, వీధి కమిటీ తరఫున మూలమీది స్తంభానికి కెమెరా పెట్టించాము. అది తల తిప్పగల రకం. కంప్యూటరులో గాని, ఫోనులో గాని బాణం గుర్తులు నొక్కితే ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. దూరంగా ఉన్నదాన్ని దగ్గరకు లాగి చూపిస్తుంది. కమిటీ తీర్మానం ప్రకారం అది చూడవలసినవి నాలుగు చోట్లు: బస్సు రోడ్డు, చర్చి గేటు, అంగళ్ల వరుస, బోరింగు. మా మిద్దె అందులో లేదు.

2. అక్టోబరు 27న అక్షయ "జేజీ, ఆ కెమెరా నన్నే చూస్తాంది" అన్నది. "అద్దం ముందర నిలబడేది తగ్గించు, అందరూ నిన్నే చూస్తాండారని అనిపించదు" అని కసిరాను. ఆ మాటకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. నేను రోజూ అయిదు నుంచి ఆరు దాకా చర్చి హాలులో ఆడపిల్లలకు లెక్కలు చెబుతాను. ఆ వేళ ఇంట్లో పిల్ల ఒక్కతే. మరునాటి నుంచి అయిదు రోజులు పాఠం మానుకుని, పొద్దున నుంచి చీకటి పడేదాకా కిటికీ వెనక గడియారంతో కూర్చుని నోటుబుక్కులో రాసుకున్నాను. కెమెరా మా మిద్దె వైపు తిరిగింది పంతొమ్మిది సార్లు. అన్నీ అయిదు, ఆరు మధ్యే. అక్షయ మిద్దె మీద ఉంటే ఆగింది. లేకపోతే వెతికినట్టు అటూ ఇటూ కదిలి వెళ్లిపోయింది.

3. రాయడానికి మొహమాటంగా ఉంది. నవంబరు 3న నేనే అక్షయ చున్నీ తలమీదుగా కప్పుకుని, మిద్దె ఎక్కి, ఆరేసిన బట్టలు తీస్తున్నట్టు నిలబడ్డాను. కెమెరా తిరిగింది. నాలుగు సెకన్లు చూసింది. బస్సు రోడ్డు వైపు మళ్లిపోయింది. పది నిమిషాల్లో తెలియని నంబరు నుంచి అక్షయ ఫోనుకు సందేశం వచ్చింది: "మీ జేజికి ఆ చున్నీ బాగలేదు."

4. నవంబరు 5న కెమెరా బిగించిన అంగడికి నంద్యాల వెళ్లాను. అక్కడి మెకానిక్ లోకేశ్, "ఈడ కూర్చుని మేమెవరమూ తిప్పం మేడమ్. పాస్‌వర్డు తెలిస్తే యాడ నుంచైనా తిప్పొచ్చు" అని, తెరమీద మా వీధి తెరిచి, బాణం నొక్కి చూపించాడు. నలభై కిలోమీటర్ల అవతలి నా ఇంటి గడప కనిపించింది. గడప దగ్గర అక్షయ చెప్పులు, వాటి నీలం పట్టీ కూడా తెలిసింది. అతడు మౌస్ వదిలి టీ గ్లాసు అందుకున్నాడు. బొమ్మ కదిలింది. గడప నుంచి మెట్ల మీదికి, మెట్ల నుంచి మిద్దె మీదికి ఎక్కింది. అక్షయ పుస్తకం పట్టుకుని కూర్చుని ఉంది.

"నేను కాదు మేడమ్" అని రెండు చేతులూ పైకెత్తి చూపించాడు.

ఫోను చేసి పిల్లను లోపలికి పొమ్మన్నాను. ఆమె తలుపు వేసుకునేదాకా బొమ్మ ఆమెనే పట్టుకుని ఉంది.

"మరి ఎవరు?"

"అందరూ ఒకటే పేరుతో లోపలికొస్తాండారు. ఎవరని చెప్పేది? పాస్‌వర్డు యాడన్నా రాసినారా?"

రాశాను. ఇది నా తప్పు, దాచను. కమిటీ లెక్కలు, సామాన్ల జాబితా నెలనెలా వీధి బోర్డుకు అంటించడం కోశాధికారిగా నా పద్ధతి. ఎవరైనా చూసుకోవచ్చు, ఎవరూ వేలెత్తి చూపకూడదు. జూలై జాబితాలో కెమెరా బిగించిన తేదీ, గ్యారంటీ గడువు, వాటి కింద పాస్‌వర్డు కూడా గుండ్రటి అక్షరాలతో రాసి అంటించాను. నాలుగు నెలలు అది అక్కడే ఉంది.

అక్కడికక్కడే పాస్‌వర్డు మార్పించాను. నాలుగు రోజులు కెమెరా మా వైపు చూడలేదు. 9వ తేదీ ఆదివారం కమిటీ సమావేశంలో, ఏ తాళమూ ఒక్కరి దగ్గరే ఉండరాదన్న మా నియమం ప్రకారం, కొత్త పాస్‌వర్డును రెండు కవర్లలో మూసి అధ్యక్షులు యాకోబు గారికి, కార్యదర్శి భాస్కరయ్య గారికి ఇచ్చి సంతకాలు తీసుకున్నాను. ఇది నా రెండో తప్పు. 10వ తేదీ సాయంత్రం 5.12కు కెమెరా మళ్లీ మా మిద్దె వైపు తిరిగింది.

ఇద్దరినీ అడిగాను. "కెమెరా అన్నాక తిరుగుతాది టీచరమ్మా. తిరగకపోతే బొమ్మను తగిలించుకున్నట్టే గదా" అని యాకోబు గారు నవ్వారు. "నాకు అంగడి చూసుకోనీకే పొద్దు చాలదు, మీ మిద్దె యాడ చూసేది" అని భాస్కరయ్య గారు విసుక్కున్నారు. ఇద్దరూ నాకు ముప్పై ఏళ్లుగా తెలిసినవారు. ఇద్దరి కవర్లూ చించే ఉన్నాయి. వారి ఇళ్లలో ఇంకెవరు చూశారో తెలియదు. నేను ఎవరి మీదా నేరం మోపడం లేదు. పాస్‌వర్డు మళ్లీ మార్పిస్తే కెమెరా ఆగుతుంది. మనిషి ఆగడు. అందుకని మార్పించలేదు. ఆనాటి నుంచి అక్షయను నాతోనే చర్చి హాలుకు తీసుకుపోతున్నాను.

5. గురువారం నంద్యాలలో నా కుడికంటికి శుక్లాల ఆపరేషన్. రాత్రికి అక్కడే ఉండాలి. మా ఇంటివాళ్లకు కాక ఈ సంగతి చెప్పింది మొన్న 16వ తేదీ ఆదివారం సమావేశంలో, ఆ ఇద్దరికే. నిన్న 6.40కి అదే నంబరు నుంచి వచ్చింది: "గురువారం జేజి నంద్యాల పోతాదంట కదా. ఒక్కదానివే అని భయపడొద్దు. నేనుండానులే."

అక్షయ ఫోను నా ముందు పెట్టి, పోయి మిద్దె తలుపు గడియ వేసి వచ్చింది.

మా వీధివాళ్లం ఊళ్లో ఏ ఆఫీసు మెట్లెక్కినా సాయంత్రానికి కమిటీకి తెలుస్తుంది. అందువల్ల కంటి పరీక్షల పేరు చెప్పి నంద్యాల వచ్చి, ఇది స్వయంగా అందిస్తున్నాను. నోటుబుక్కు నకలు, సందేశాల ఫోటోలు జతచేశాను. తమరు చిత్తగించవలెను, అది కూడా గురువారానికి ముందే.

తమ విధేయురాలు,
ప్రేమకుమారి

సంతకం చేశాక ఇంకా రాయడం మర్యాద కాదు. అయినా జరగవలసినవి వరుసగా ఉండాలి.

1. ఆపరేషన్ వాయిదా వేయించాను. ఇది వైద్యుడికి, నాకు, ఇప్పుడు తమకు మాత్రమే తెలుసు. దయచేసి మా ఇంటికి ఫోను చేయించవద్దు.

2. బుధవారం చీకటి పడ్డాక డేవిడ్ మా ఇంటి వెనక సందులో నుంచి వచ్చి అక్షయను సున్నిపెంట తీసుకుపోతాడు. ఆ సందు కెమెరాకు అందదు. నేను నిలబడి చూసుకున్నాను.

3. అదే సందులో నుంచి ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు గురువారం తెల్లవారక ముందే మా ఇంట్లోకి రావాలి.

4. లోకేశ్ దగ్గర తమ మనిషి ఒకరు కూర్చుని, కెమెరా ఎన్ని గంటలకు ఎటు తిరిగిందో రాసుకోవాలి. నిమిషాలతో సహా.

5. గురువారం ఎనిమిదింటికి నేను సంచి పట్టుకుని, అందరూ చూస్తుండగా నంద్యాల బస్సు ఎక్కుతాను.

6. తలుపు తట్టినవారు ఎవరైనా, ఎంత పెద్దమనిషి అయినా, లోపలికి రానిచ్చి, తలుపు వేసి, అప్పుడు నాకు ఫోను చేయాలి. పేరు చెప్పేముందు నన్ను కూర్చోనివ్వాలి.