మామయ్య రక్తం సంగతి

అత్తయ్యా,

నా ఒంట్లో బాగానే ఉంది, కంగారుపడకు. మామయ్య రక్తంలో ఏం తేలిందని ప్రతి కార్డులోనూ అడుగుతున్నావు. ఇంకా దాని వంతు రాలేదని మూడుసార్లు రాశాను. అది అబద్ధం.

ఒంట్లో ఒక ప్రొటీను సరిగ్గా మడతపడకపోతే చేతులకు వణుకు వస్తుందేమోనని మా ల్యాబులో పరీక్షిస్తున్నామని చెబితే, "మడత కుదరకపోతే చొక్కా అయినా అంతే కదే" అని మామయ్య కుట్టుమిషను ఆపి, రక్తం తీసుకోమని ఆ వణికే చెయ్యి చాపాడు, గుర్తుందా? ఆ రోజు మంచుకు చెరగని పెన్ను దొరక్క, ట్యూబు మీద మామూలు పెన్నుతోనే పేరు రాసేశాను. తర్వాత ఫ్రీజరులో మంచు కరిగించి స్పిరిటుతో తుడుస్తుంటే మామయ్యదానితో కలిపి పదకొండు ట్యూబుల మీద రాత పోయింది. పేరు లేనివి పారెయ్యాలన్నది ఇక్కడి రూలు. వెయ్యిమందిలోనైనా నడక చూసి మామయ్యను పోల్చుకునేదాన్ని. ఆ పదకొండింట్లో పోల్చుకోలేకపోయాను. నా చేత్తోనే పారేశాను. అప్పటికి మామయ్య పోయి నెల.

బావకీ చెయ్యి వణుకుతోందని రాశావు. కత్తెర పక్కనపెట్టి ఒకసారి రమ్మను, రక్తం తీస్తాను. కానీ పక్కన పెట్టి చూడ్డానికి మామయ్యది లేదు.

నీ మోకాలు ఎలా ఉంది? మెట్ల దగ్గర బల్బు మార్పించావా? తిట్టాలనుంటే తిట్టు, దీవెన మాత్రం ఆపకు.

సూది తీశాక మామయ్య, "పేరు సరిగ్గా రాశావా?" అని అడిగాడు. "నిన్ను మర్చిపోతానా మామయ్యా?" అంటూ మూత బిగించాను.

నీ మేనకోడలు