సిపాయి మేజోళ్ళు

జనవరి 3

ఇవాళ ఒట్టు పెట్టుకున్నాను. రాసి ఉంటే తప్పించుకోవడం కుదరదని ఈ డైరీ.

కారణం కూడా రాయాలి. పోయిన ఏడాది, ఆండీస్ కొండలు దాటి మావాళ్ళు గెలిచిన చకాబుకో యుద్ధాన్ని మళ్ళీ ఆడి చూపిస్తున్నప్పుడు, మా ఊరు మెండోసా జనమంతా చూస్తుండగా తుపాకీ పట్టుకుని మోకాలి మీద కూర్చున్నాను. ప్యాంటు పర్రున చిరిగింది. లోపల ఫుట్‌బాల్ నిక్కరు. రెండు వందల ఏళ్ళ కిందటి సిపాయికి పదో నంబరు. ఇప్పటికీ బడి పిల్లలు నా సైకిల్ షాపు ముందు నుంచి పోతూ "పదో నంబరు" అంటారు.

మా దళానికి నాయకురాలు దోన్యా ఎర్సిలియా. రిటైరైన చరిత్ర టీచరు. మాలో సగం మందికి చదువు చెప్పింది, ఇంకా చెబుతూనే ఉంది. ఇవాళ మీటింగులో తేల్చేసింది: "చేత్తో కుట్టనిదీ, చేత్తో అల్లనిదీ ఒంటి మీద కనిపిస్తే కవాతు లేదు. వెనక కంచర గాడిదను పట్టుకుని నడవండి."

చొక్కా, ప్యాంటు, మోకాళ్ళ దాకా ఉన్ని మేజోళ్ళు. అన్నీ నేనే చేస్తాను. ఎవరి సాయమూ వద్దు. యుద్ధం ఆడే ఫిబ్రవరి 12కి ఇంకా నలభై రోజులు. అదెంత పని!

మా ఆవిడ నేలిదా గొట్టంతో మాతే టీ పీలుస్తూ అంతా విని, "నీ చొక్కా గుండీ ఊడి వారమైంది ముసలోడా," అంది.

జనవరి 5

ఉ. 6.00: సూదులు, ఉన్ని, వెలుతురు, ఉత్సాహం. అన్నీ ఉన్నాయి.

ఉ. 7.30: అరవై నాలుగు కుట్లతో మేజోడు మొదలుపెట్టాను.

ఉ. 9.00: డెబ్బై ఒకటి. ఆ ఏడు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియదు. ఎక్కువైతే నష్టం లేదు, తగ్గితేనే నష్టం.

జనవరి 9

చొక్కా కుడిచెయ్యి కుట్టాను. రెండు గంటలు తలెత్తలేదు. లేచి నిలబడితే చొక్కా కూడా నాతోపాటు లేచింది. తొడుక్కున్న ప్యాంటుకు కలిపి కుట్టేశాను. కుట్టు మాత్రం గట్టిగా ఉంది. కత్తెరకు కూడా వెంటనే లొంగలేదు.

జనవరి 14

నడివేసవి. ముప్పై తొమ్మిది డిగ్రీలు. కొండల మీంచి వడగాలి. ఉన్ని వేళ్ళకు అతుక్కుపోతోంది.

మాంసం కొట్టుకు వెళ్ళాను. అది నడిపే ఫెర్మీన్ మా దళంలో ముందు వరస మనిషి.

"ఎంతవరకొచ్చిందిరా?" అన్నాడు.

"మడమ దగ్గరున్నా."

"నాది రెండోది కూడా అయిపోవచ్చింది. బేరాల మధ్యలో అల్లేస్తున్నా. చెయ్యి తిరిగితే అదెంతసేపు?"

అబద్ధం చెప్పింది నేను. వాడి మొహం చూస్తే నిజమే చెబుతున్నట్టుంది. అదే కడుపుమంట.

జనవరి 18

చరిత్ర పుస్తకం తిరగేశాను. ఆండీస్ దాటిన సైన్యానికి బట్టలు కుట్టింది మెండోసా ఆడవాళ్ళట. అంటే సిపాయి తనే కుట్టుకోవడం చరిత్రకు విరుద్ధం. నేలిదాకు వివరంగా చెప్పాను.

"ఆ సిపాయిలు ఆరు నెలలు ఇంటికి రాలేదు," అంది. "అది కూడా చేస్తావా?"

జనవరి 22

మొదటి మేజోడు పూర్తయింది. మడమ లేదు. మడమ దగ్గర అల్లికను తిప్పడం నా వల్ల కాలేదు. మడమ లేని గొట్టం. కాలికి వేసుకుంటే వేసుకున్నట్టే ఉంటుంది, దూరం నుంచి.

చొక్కాకు రెండు చేతులూ ఎడమవే వచ్చాయి. దాన్ని కుర్చీ మీద పడేసి మధ్యాహ్నం కునుకు తీశాను. లేచేసరికి చేతులు సరిగ్గా ఉన్నాయి. నేను అడగలేదు. నేలిదా చెప్పలేదు.

జనవరి 27

ప్యాంటు మాట ఎత్తవలసిన అవసరం లేకపోయింది. అది కూడా కుట్టేసి, ఇస్త్రీ చేసి అల్మరాలో ఉంది.

జనవరి 28

అల్లలేదు. వేడి.

జనవరి 29

నిన్నటిలాగే.

ఫిబ్రవరి 3

రెండో మేజోడు మొదటిదానిలో సగం ఉంది. ఉన్ని అయిపోయింది. ఓర్పు అంతకుముందే అయిపోయింది.

ఫిబ్రవరి 7

నన్నెవరూ ఎరగని చోటు కావాలని బస్సెక్కి తునుయాన్ సంతకు వెళ్ళాను. తెక్లా అనే ముసలావిడ చేత్తో అల్లిన మేజోళ్ళు అమ్ముతోంది. చేత్తో అల్లాలన్నారు గానీ ఎవరి చేత్తో అని స్పష్టంగా అనలేదు.

"సిపాయివా? చెప్పు విప్పు," అంది ఆవిడ.

"మీకెలా తెలుసు అవ్వా?"

"నిన్నట్నుంచి వచ్చేవాళ్ళంతా సిపాయిలే నాయనా."

పక్కన తెర తొలగింది. ఒంటి కాలి మీద ఫెర్మీన్. రెండో కాలికి కొత్త మేజోడు, పైఅంచున నీలం గీత.

గబుక్కున కాలు దించాడు. "నువ్వు నన్ను చూళ్ళేదు," అన్నాడు.

"నువ్వూ అంతే."

తిరుగు బస్సులో వేర్వేరు సీట్లలో కూర్చున్నాం.

ఫిబ్రవరి 11

సాయంత్రం తనిఖీ. పదకొండు మంది వరసలో నిలబడ్డాం. ఎర్సిలియా మోకాళ్ళ ఎత్తుకు వంగి ఒక్కొక్కరినీ చూస్తూ వెళ్ళింది. ఆవిడతోపాటు నేనూ చూశాను. పదకొండు జతలకూ పైఅంచున ఒకటే నీలం గీత.

"అందరూ మీరే అల్లారా?"

అందరూ తలూపారు. ఆవిడ సంచిలోంచి సూదులూ ఉన్నీ తీసింది. "ఫెర్మీన్, ఒక్క వరస అల్లు నాయనా."

వాడు సూదిని మాంసం గుచ్చే చువ్వలా పట్టుకున్నాడు. తర్వాతివాడు దండం పెట్టేశాడు. నా వంతు వచ్చింది. చేతులు వాటంతటవే కదిలాయి. నాలుగు వరసలు అల్లాను. ఒక కుట్టు జారింది.

"నీకు అల్లడం వచ్చు కదా ఎవారిస్తో," అంది ఎర్సిలియా. "మరి కొనుక్కోవడం దేనికి?"

జారిన కుట్టును ఎక్కిస్తూ వాళ్ళందరి ముందూ చెప్పేశాను. "నేను అల్లినవి బాగోలేవు టీచరమ్మగారూ. మళ్ళీ నవ్వుతారని."

"ఆనాటి సిపాయిలకు బాగున్నవి దొరికాయని నీకెవరు చెప్పారు?"

తర్వాత శిక్ష చెప్పింది.

ఫిబ్రవరి 12

చకాబుకో యుద్ధం. ముందు డోలు కొడుతూ ఎర్సిలియా ఒక్కతే. వెనక కంచర గాడిద. దాని వెనక ఒకే తాడు పట్టుకుని పదకొండు మంది సిపాయిలం, బరువైన ఫిరంగి లాగుతున్నట్టు. గాడిద రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ మేమూ ఆగాం.

జనం అదే అసలు చరిత్ర అనుకుని లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేలిదా మాత్రం కళ్ళు తుడుచుకుంటోంది. నవ్వి నవ్వి.

ఫిబ్రవరి 15

ఉదయం షాపు తెరిచేసరికి పదిమంది నిలబడి ఉన్నారు. అందరి చేతుల్లో ఉన్ని ఉండలు. ఫెర్మీన్ చేతిలో రెండు.

"టీచరమ్మ పంపింది," అన్నాడు. "వచ్చే ఏడాదికి ఎవరివి వాళ్ళే అల్లుకోవాలట. నువ్వు నేర్పాలట."

"తప్పకుండా," అన్నాను. సోమవారం మొదటి పాఠం.

భోజనాల దగ్గర నేలిదా అడిగింది. "నీకు మడమ తిప్పడం వచ్చా?"

"రాదు."

"వాళ్ళకు చెప్పావా?"

"లేదు."

ఆమె మాతే కప్పు పక్కన పెట్టి, సూదులు తీసుకుని నా పక్కకు కుర్చీ జరుపుకుంది.

ఇవాళ మళ్ళీ ఒట్టు పెట్టుకున్నాను. రేపటి నుంచి రోజూ ఉదయం ఐదింటికే లేవాలి. ఏడాది పొడుగునా వాళ్ళకంటే ఒక్క పాఠం ముందుండాలి.