ఎర్ర చుక్క గలాసు

కళ్యాణదుర్గం

ప్రియమైన ఓబులేసు బావకు, మారెప్ప నమస్కారాలు.

ఫోను చేస్తే నా నంబరు చూసి ఎత్తవు. అందుకే కాగితం మీద రాస్తాండా. సోమవారం మీ ఊర్లో మా పలుగురాయి పొడి మిల్లు గురించి మీటింగు పెట్టినారు. రెండో మిషను పెట్టాలంటే ఊరిని అడగాలంట, పెద్ద ఆఫీసర్లు వస్తారు. ఆ రోజు నువ్వు ధర్మవరంలో మీ చెల్లెలింటికి పో బావా. కారు నేనే పంపుతా.

నీ చేతికి మైకు దొరికితే ఏమవుతాదో నాకు తెలుసు. అక్కది క్షయ అని మా మిల్లు డాక్టరే చెప్పినాడు. మేస్త్రీగా నేనూ ఆ పొడిలోనే ఉండాను గదా, నాకేమయింది? చచ్చిపోయిన మనిషిని మైకులోకి లాగొద్దు. నా అన్నం ఆ మిల్లులోనే ఉండాది.

నీ మంచి కోరే బామ్మర్ది,
మారెప్ప

*

తెల్లగుట్టపల్లి, కంబదూరు మండలం

ప్రియమైన మారెప్పకు,

ప్రియమైన అని అలవాటు కొద్దీ పడింది. కొట్టేస్తే కాగితం అసహ్యంగా ఉంటుందని వదిలేశాను.

నేను ఎక్కడికీ పోవడం లేదు. ఉద్యోగమంతా గ్రంథాలయంలో పుస్తకాల దుమ్ము దులిపినవాణ్ణి. ఆ దుమ్ముకు తుమ్ము వస్తుంది. మీ దుమ్ముకు మనిషి పోతుంది. నువ్వు అద్దాల గదిలో ఫ్యాను కింద కూర్చునేవాడివి. మీ అక్క మొహానికి తువ్వాలు చుట్టుకుని సంచులు నింపేది. ఇంటికొస్తే కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి. "చూడు, జంగమయ్య వచ్చినాడు, బిచ్చం వెయ్యి" అని నవ్వేది. తర్వాత నవ్వితే దగ్గు వచ్చేది. ఆ తర్వాత నవ్వడం మానేసింది. కళ్లె పరీక్ష చేసిన ప్రతిసారీ ఏమీ లేదన్నారు. మీ డాక్టరు మాత్రం క్షయ మాత్రలే మింగించాడు. క్షయ అయితే ఆమె ఖర్మ, దుమ్ము అయితే మిల్లు పాపం. ఏ మాట ఎవరికి చవకో మేస్త్రీవి, నీకు తెలియదా?

నీ కొడుకు పెళ్లి గుర్తుందా? మీ ఇంట్లో ఆమె తాగిన స్టీలు గలాసు అడుగున నీ పెండ్లాము గోళ్ల రంగుతో ఎర్ర చుక్క పెట్టింది, మిగతావాటిలో కలవకుండా. బయల్దేరేటప్పుడు "ఇది నువ్వే తీసుకుపో వదినా" అని చేతిలో పెట్టింది. నువ్వు పక్కనే నిలబడి చెప్పులు వెతుక్కుంటున్నావు. మీ అక్క ప్రాణం పోయేదాకా ఆ గలాసులోనే తాగింది. ఇప్పుడు నేను అందులో కాఫీ తాగుతున్నాను.

క్షయ గలాసుతో అంటుకోదని నేను చదివాను. కానీ ఊరు చదవలేదు, నువ్వూ చదవలేదు. అందుకే సోమవారం ఆ గలాసు తెస్తాను. నిండా నీళ్లు పోసి అందరి ముందూ నీ చేతికిస్తాను. తాగావా, అది క్షయ కాదని నువ్వే ఒప్పుకున్నట్టు. తాగలేదా, సొంత అక్కను ఎట్లా చూశావో ఊరు చూస్తుంది. ఏది జరిగినా నాకు సంతోషమే.

నీ అక్క మొగుడు,
ఓబులేసు

*

కళ్యాణదుర్గం

బావకు,

పుస్తకాలు చదివి చదివి నీ గుండె పలుగురాయి అయిపోయింది. సోమవారం ఓనరు తన పక్కనే నాకు కుర్చీ వేయిస్తానన్నాడు. నువ్వు ఆ గలాసు తెస్తే మనకు సంబంధం తెగినట్టే. నేను తాగను. రాసి పెట్టుకో.

ఈ మధ్య మిద్దె మెట్లెక్కితే ఆయాసం వస్తాంది. వయసయింది గదా. దాన్ని గూడా మైకులో చెప్పేవు, నీకు పుణ్యముంటాది.

మారెప్ప

*

తెల్లగుట్టపల్లి

ప్రియమైన మారెప్పకు,

ఈసారి అలవాటు కొద్దీ రాయలేదు.

సోమవారం నువ్వు చేసింది నీకు తెలుసు. నాకెట్లా కనపడిందో రాస్తాను. నేను మాట్లాడవలసినదంతా బట్టీ పట్టుకుని వచ్చాను. నా పేరు పిలవకముందే నువ్వు కుర్చీలోంచి లేచావు. "కూచోప్పా మారెప్పా" అన్నాడు ఓనరు. నువ్వు నేరుగా వచ్చి నా సంచిలో చెయ్యి పెట్టి గలాసు తీశావు. "నీళ్లు తెచ్చినావా బావా?" అన్నావు. నేను నిండా పోశాను. గుక్క తిప్పుకోకుండా తాగేసి మైకు అందుకున్నావు.

"మా అక్కది క్షయ కాదు. క్షయ అయ్యింటే నేను తాగుదునా? నాకు ప్రాణమంటే శానా తీపి. మా అక్కను తినింది దుమ్ము. నా రొమ్ములోనూ అదే ఉండాది" అన్నావు. అంతలో మైకు ఆపేశారు. మీ అక్క తర్వాత సంచులు నింపే పనికి చేరిన కదిరమ్మ వెనకనుంచి లేచి, "మైకెందుకప్పా, మాకు బాగానే వినపడింది" అంది. నా ముందుకొచ్చి, "నాకూ పొయ్యి మామా" అని అదే గలాసు పట్టింది.

ఆఫీసర్లు ఏదో రాసుకుని, ఇంకో తేదీ చెబుతామని పోయారు. మిషను ఆగిందని నేను నమ్మను. నువ్వూ నమ్మొద్దు.

ఆమె పోయినప్పటినుంచి పెంచుకున్న పగ నాది. అందరి ముందూ తీర్చుకోవాలనుకున్నాను. నీళ్లతో పాటు దాన్నీ తాగేసి పోయావు. దీన్ని మాత్రం క్షమించను.

నిన్న కదిరమ్మ మీ వీధికి పోయి వచ్చిందట. నిన్ను పనిలోంచి తీసేశారని చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. నువ్వు మైకులో అంత చెప్పినా నీ పెండ్లాము నమ్మలేదట, నీ గలాసు వేరే పెట్టిందట. అడుగున ఎర్ర చుక్కతో.

ఆ గలాసు తీసుకుని ఇక్కడికి వచ్చెయ్. చుక్క చెరపొద్దు. ఈసారి మీటింగుకు రెండూ పట్టుకుపోదాం.

కాఫీ కాచి పెడతాను,
నీ బావ ఓబులేసు